హారతికి అందే ఎత్తు

అరవై ఏడులో ఎలక్షన్ వచ్చి సరాసరి మా ఇంటి ముందు ఆగింది. అందుకు కారణం మేము కాదు, మా బండి. ఆ రోజుల్లో నాచారంలో మోటారున్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మాకు రెండు పూటలా జొన్నరొట్టె దొరికితే అదే గొప్ప, వాకిట్లో మాత్రం విలాయతి వ్యాను. చూసేవాళ్ళకు నవ్వు రాదూ మరి.

అది పాదిరి దొరది. ఊరూరా తిరిగి సువార్త చెప్పి, చీకటి పడితే అందులోనే పడుకునేవాడు. లోపల ఒక మంచం, గోడకు మడిచే బల్ల, స్టవ్ పెట్టుకునే అర. పైకప్పు ఎత్తితే మనిషి నిలువునా నిలబడవచ్చు. జనం దాన్ని ఇల్లుబండి అనేవాళ్ళు. మా ఆయన పీటర్ దానికి డ్రైవరు. దొర ముసలివాడై తన దేశం వెళ్ళిపోతూ, తీసుకెళ్ళలేనివన్నీ తలా ఒకటి పంచాడు. వంటమనిషికి పళ్ళేలు, తోటమాలికి గొడుగు, మా ఆయనకు బండి. వాళ్ళందరిలో తోటమాలే అదృష్టవంతుడని నేను అప్పుడే అన్నాను. గొడుగు పెట్రోలు తాగదు కదా.

అంత వెటకారం చేసినా, ఆ ఏడు నా ఆశంతా ఆ బండి మీదే ఉండేది. నాకప్పుడు ఆరో నెల. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టీ పుట్టగానే పోయారు. ఇద్దరూ ఆ ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లోనే. సికింద్రాబాదు పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, ఈసారి ఇంట్లో కాన్పు మాట తలపెట్టవద్దని, నొప్పులు మొదలు కాగానే పడుకోబెట్టి తీసుకురమ్మని గట్టిగా చెప్పింది. ముందే చేర్చుకోమంటే మంచాలు లేవంది. ఇంటికి రాగానే మా ఆయన బండి తలుపు తీసి, పరుపు దులిపి, నన్ను లోపలికి పిలిచాడు.

“జర పండుకో. ఎట్లున్నది?”

“మెత్తగున్నది.”

“గిందులనే తీస్కపోత నిన్ను. గతుకు గూడ తెల్వనియ్య. దొరకు నడుం నొప్పి లేస్తే గిట్లనే పండుకొని వరంగల్ నుంచి వచ్చిండు. లేపితే గని లేవలె.”

ఆ మాట నమ్మాను. ఇద్దర్ని పోగొట్టుకున్నదానికి నమ్ముకోవడానికి ఒక మంచం దొరికినా చాలు. పడుకుని పైకప్పు వంక చూస్తూ, ఈసారి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఇదే బండిలో ఇంటికి వస్తానని అనుకున్నాను. అలా అనుకోవడం కూడా భయంగానే ఉండేది.

జనవరి చివర్లో గంగాధరరావు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఆయనది గుడివాడ వైపు, ఉప్పల్లో ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. పరంధామయ్య పటేలు ఎలక్షన్ పనులన్నీ ఆయనే చూస్తున్నాడు. పటేలు భూములున్న పెద్దమనిషి, ఏ పార్టీ టిక్కెట్టూ దొరక్క సొంతంగా నిలబడ్డాడు. గుర్తు నిచ్చెన. జీపులన్నీ పెద్ద పార్టీలవాళ్ళు ముందే పట్టుకుపోయారు. పైగా పటేలుకు మోకాళ్ళ నొప్పి, నడుము వంగదు, మధ్యాహ్నం ఒక కునుకు తీయనిదే సాయంత్రం మాట పెగలదు. మంచమున్న బండి ఊళ్ళో ఉందని ఎవరో చెప్పారట.

“చూడు పీటరూ, కిరాయి సంగతి వదిలెయ్. పటేలుగారు గెలిస్తే ఇక్కడ కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీలో నీకు డ్రైవరు ఉద్యోగం. పర్మినెంటు. పుట్టబోయేవాడికి కూడా దిగులుండదు,” అన్నాడు, నా వైపు చూడకుండానే నా కడుపును లెక్కలోకి తీసుకుని.

“గెలువకపోతే?” అన్నాను తలుపు చాటు నుంచి.

“మంచి మాట అనమ్మా,” అన్నాడు గంగాధరరావు.

మా ఆయన నా మాట విన్నాడో లేదో, కళ్ళు మాత్రం అప్పటికే ఫ్యాక్టరీ గేటు దాటిపోయాయి. మా అత్త దానమ్మ ఒక్కతే గొణిగింది. “దొర బండి దేవుని మాట జెప్పెటందుకు వచ్చింది బిడ్డా. ఓట్లడిగెటందుకు గాదు.”

“నౌకరొస్తే దేవుడే ఇచ్చిండనుకుందం అమ్మా,” అన్నాడు ఆయన.

మర్నాడే బండికి రెండు పక్కలా నిచ్చెన బొమ్మలు గీశారు. పైన మైకు కట్టారు. పటేలు పక్క తలుపు తెరిచి, ద్వారంలో నిలబడి దండం పెట్టుకుంటూ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాడు. ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ అన్నీ అయ్యాక మా నాచారం వంతు వచ్చింది.

తంటా అంతా హారతి దగ్గర వచ్చింది. వీధిలోకి వచ్చిన పెద్దమనిషికి ఆడవాళ్ళు బొట్టు పెట్టి హారతి పట్టాలి కదా. బండి గడపే నడుమెత్తు ఉండేది. దాని మీద పటేలు, పటేలు మీద తలపాగా. మా పక్కింటి త్రిపురసుందరి పొట్టి మనిషి. పళ్ళెం రెండు చేతులా ఎత్తి, మునివేళ్ళ మీద నిలబడినా పటేలు బొజ్జ దాటలేదు.

“కాస్త వంగండి బాబుగారూ,” అంది.

ఆయన నడుము వంగితే కదా. చేతులు జోడించి నవ్వుతూ అలాగే నిలబడ్డాడు. ఆమె ఇంకొంచెం ఎగిరింది. కర్పూరం వెళ్ళి కండువా అంచుకు తగిలింది. జరీ భగ్గుమంది. గంగాధరరావు చేత్తో అదిమి ఆర్పేసరికి రూపాయి బిళ్ళంత బొక్క పడింది.

“నిచ్చెనకు ఓటెయ్యమంటరు గని, ఒక నిచ్చెన ఎంబడి తెచ్చుకోకపోయిన్రు,” అంది వెనక నుంచి ఎవరో ముసలామె. వీధంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, కడుపు పట్టుకుని మరీ నవ్వాను. పటేలు మాత్రం నవ్వలేదు. హారతి అందకపోవడమే అపశకునం, అంటుకోవడం ఇంకా అపశకునం. బండి దిగి జనంలోకి వద్దామంటే మోకాళ్ళు ఒప్పుకోవు.

ఆ సాయంత్రం గంగాధరరావు మళ్ళీ వచ్చాడు. “బండి దించాలి పీటరూ. ఆడవాళ్ళ చేతులకు ఆయన నుదురు అందాలి. ఎంత దించుతావో నీ ఇష్టం.”

మోటారు బండి బరువంతా చక్రాల దగ్గర కమాన్ల మీద ఉంటుంది. వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టిన కట్ట అది. ఎన్ని పట్టీలు తీస్తే బండి అంత కిందికి దిగుతుంది. నాకు ఇదంతా తెలిసింది మా వాకిట్లోనే. మా ఆయన బండిని జాకీల మీద ఎత్తి, కిందికి దూరి, బోల్టులు తిప్పబోతే అవి తుప్పు పట్టి ఒక్క చుట్టు కూడా తిరగలేదు. కమ్మరి విశ్వనాథాన్ని పిలుచుకొచ్చాడు. అతను కొలిమి తిత్తి అక్కడికే తెచ్చుకుని, బోల్టులు ఎర్రగా కాల్చి ఊడదీశాడు. మధ్యాహ్నానికి నాలుగు మూలలా పట్టీలు నేల మీద పడి ఉన్నాయి. పైనున్న పెద్ద పట్టీలు మాత్రం మిగిల్చి, మళ్ళీ బిగించారు. జాకీలు తీసేసరికి బండి ఒక నిట్టూర్పు విడిచినట్టు కిందికి కూర్చుంది. గడప నా మోకాలి దగ్గరకు వచ్చింది.

“కూలి వద్దు పీటరన్నా,” అన్నాడు విశ్వనాథం. “గీ పట్టీలియ్యి. విలాయతి ఉక్కు. యాసంగి కోతలు వస్తున్నయి, కొడవండ్లు గొట్టుకుంట.”

మా ఆయన సరేనన్నాడు. నేను నీళ్ళ చెంబు ఇస్తూ అడిగాను. “మల్ల ఎత్తాల్నంటే ఎట్ల?”

“ఎందుకెత్తుతం? నౌకరొస్తే ఫ్యాక్టరీ బండి నడుపుత. కాన్పు దాక దీన్ని ఉంచుత, అటెంక అమ్ముదం.”

“మంచం గట్లనే ఉంటదా?”

“మంచానికేమైతది?” అన్నాడు నవ్వి. “నీకే అల్క. ఎక్కుతందుకు కాలు లేపే పని గూడ లేదు.”

అదీ నిజమే అనిపించింది. విశ్వనాథం పట్టీలన్నీ తాడుతో కట్టి భుజాన వేసుకుని పోయాడు. తుప్పు పొడి రాలిన చోట నేను వాకిలి ఊడ్చాను.

ఆ తర్వాత హారతులకు లోటు రాలేదు. త్రిపురసుందరి నిలబడిన చోటు నుంచే బొట్టు పెట్టింది. ముసలివాళ్ళు చెయ్యి తాకారు, పసిపిల్లల తల్లులు పిల్లలను అందించారు. పటేలు ముఖం వెలిగిపోయింది. రోజూ ఇంటికి వచ్చి మా ఆయన చెప్పేవాడు. “ఎంత మంది అనుకున్నవ్? అద్దం మీద బొట్టు గారి, రోడ్డే కనవడలె.” బండి కింద ఏదో గీసుకుంటోందని కూడా ఒకసారి అన్నాడు గాని, ఆ సంతోషంలో అది కొట్టుకుపోయింది.

ఫలితాలు వచ్చాయి. హారతి పట్టిన చేతులన్నీ వేరే గుర్తు మీద ముద్ర వేసి వచ్చాయి. పటేలుకు డిపాజిట్ కూడా దక్కలేదు. మా ఆయన ఉప్పల్ వెళితే గంగాధరరావు దుకాణంలో నుంచే చెయ్యి ఊపాడట, ఎరువుల బస్తాల లెక్క మధ్యలో ఉన్నానని. రెండోసారి వెళితే ఆ చెయ్యి కూడా ఊపలేదు. మూడోసారి మా ఆయన వెళ్ళలేదు. బండికి రెండు పక్కలా నిచ్చెనలు మాత్రం ఉండిపోయాయి. గీకితే అడుగు రంగు కూడా లేచి వస్తోంది.

అప్పుడు ఆయనకు బండిని మళ్ళీ ఎత్తాలని గుర్తుకొచ్చింది. విశ్వనాథం దగ్గరికి పరిగెత్తాడు. పట్టీలు ఎప్పుడో కొడవళ్ళయి, చుట్టుపక్కల ఊళ్ళ పొలాల్లోకి వెళ్ళిపోయాయి. జుమ్మేరాత్ బజార్లో పాత ఇనుము కుప్పలన్నీ తిరిగాడు. లారీ పట్టీలు పెద్దవి, అంబాసిడర్ పట్టీలు చిన్నవి. మన దేశంలో ఆ బండికి తోబుట్టువే లేదు. చివరకు తుమ్మ చెక్కలు నరికి, కమాన్లకూ ఇరుసుకూ మధ్య పెట్టి బిగించాడు. బండి నాలుగు వేళ్ళు లేచింది.

“చాలు,” అన్నాడు, తనకు తానే చెప్పుకున్నట్టు.

ఇంతలో మా అత్తకు ఇంకో భయం పట్టుకుంది. మా ఇంటి గడప ఇద్దరు బిడ్డలను తిన్నదట. మూడోసారి అక్కడ వద్దంది. “నీ తల్లిగారింటికి పో బిడ్డా. ఈ ఇల్లు మంచిది గాదు.” కాన్పు దవాఖానాలో కదా, ఏ ఇంట్లో ఉంటే ఏమిటని నేను అంటే వినలేదు. అలా తొమ్మిదో నెల రాకముందే దమ్మాయిగూడలో మా అమ్మ లూర్దమ్మ ఇంటికి వెళ్ళాను. తారు రోడ్డు వదిలిన తరువాత ఆ ఊరికి ఎడ్లబండ్ల బాటే దిక్కు. ఏళ్ళ తరబడి చక్రాలు తిరిగి రెండు లోతు గాడులు పడ్డాయి, మధ్యలో గడ్డి మొలిచిన గట్టు. నన్ను దించడానికి వచ్చినప్పుడు మా ఆయన, గట్టు బండి పొట్టకు తగలకుండా, ఒక చక్రం గట్టు మీద, ఒక చక్రం పొలం అంచున నడిపించి ఎలాగో తెచ్చాడు. ఆ మాత్రం దూరానికే చెమటలు కక్కాడు.

“ఫికర్ జేయకు. కబురు రాంగనే వస్త,” అన్నాడు.

“రోడ్డు దాక ఎడ్లబండిల వస్త. నువ్వు ఆడ ఉండు.”

“ఎడ్లబండిలనా? గా గతుకులల్లనా? డాక్టరమ్మ ఏం జెప్పింది? ఇంటి ముంగటికే వస్త.”

ఎండలు ముదిరాయి. ఒక రోజు పొద్దుననుంచి కడుపులో కదలిక లేదనిపించింది. రాత్రీ లేదు. మర్నాడు అమ్మతో చెప్పాను.

“దిగే ముంగట బిడ్డ సప్పుడు జేయదు బిడ్డా. జాగ సూసుకుంటది,” అంది అమ్మ. ఐదుగురిని కన్న మనిషి. నేను నా చేతిని కడుపు మీద పెట్టుకుని, జాగా చూసుకుంటోందిలే అనుకుంటూ కూర్చున్నాను. ఆ రెండు రోజులూ నా చెయ్యి అక్కడి నుంచి తీయలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మా అన్న అబ్బయ్య సైకిలు మీద నాచారం పోయాడు. నేను పడుకుని చెవులు బాట వైపే పెట్టాను. చాలాసేపటికి ఊరి బయట మల్లన్న మెట్టచెలక అవతల నుంచి హారన్ వినిపించింది. నాకు తెలిసిన హారనే. అమ్మ మూట కట్టింది. నేను గోడ పట్టుకుని లేచి గడపలోకి వచ్చాను. హారన్ మళ్ళీ వినిపించింది. తర్వాత ఇంజను గట్టిగా అరిచి, ఒక్కసారిగా ఆగిపోయింది.

కొంతసేపటికి మా ఆయన పొలాలకు అడ్డం పడి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా నిండా నల్లటి నూనె. తుమ్మ చెక్క పగిలి ఒక పక్కకు కుంగిందట. గట్టులోని రాయి తగిలి ఇంజను కింది నూనె చాంబర్ పగిలిందట. చెబుతూనే, తనతో పాటే బండిలో తిరిగొచ్చిన మా అన్న పొరుగింటి ఎడ్లను కడుతుంటే వెళ్ళి కాడి పట్టుకున్నాడు. నా ముఖం చూడలేదు.

ఎడ్లబండిలో గడ్డి పరిచి నన్ను పడుకోబెట్టారు. మా ఆయన పక్కన నడుస్తూ, గతుకు వచ్చినప్పుడల్లా బండి పట్టెను భుజంతో ఎత్తి పట్టడానికి చూశాడు. ఎడ్లబండిని మనిషి ఎత్తగలడా. “అయిపాయె, రోడ్డొచ్చింది. అయిపాయె,” అంటూనే ఉన్నాడు. దారిలో ఇల్లుబండి గట్టు మీద పొట్ట ఆనించి కూర్చుని ఉంది. దాని పక్క నుంచి చేల్లోకి దింపి మమ్మల్ని దాటించారు. మా ఆయన అటు తిరిగి కూడా చూడలేదు. రోడ్డు మీద ఒక ఇటుకల లారీ ఎక్కించుకుంది.

ఆడపిల్ల. నాకు చూపించారు. ముఖం మా అత్త పోలిక. ఏడవలేదు.

డాక్టరమ్మ నా పక్కన కూర్చుని, కదలిక ఎప్పుడు ఆగిందని అడిగింది. చెప్పాను. “లోపలే పోయిందమ్మా, నొప్పులు రాకముందే. నువ్వు విమానంలో వచ్చినా ఇంతే,” అంది. మంచి మనిషి. చెయ్యి పట్టుకుని చెప్పింది. నేను గోడ వైపు తిరిగి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా బిడ్డ చనిపోయాక రెండు రోజులు నేను దాన్ని పట్టుకుని, దిగి వస్తుందని కాచుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ తలుచుకోలేను.

మా ఆయనకు అదే సాయంత్రం వరండాలో చెప్పాను. “బండితోని గాలె. ముందుగాల్నే అయింది. డాక్టరమ్మ జెప్పింది.”

ఆయన తల ఊపాడు. ఊపుతూనే చేతుల మీది నూనె మరకలను గోటితో గీక్కుంటున్నాడు.

“ఇంటున్నవా?”

“ఇంటున్న,” అన్నాడు. “కమాన్లు నేనే ఇచ్చిన.”

బండిని ఎడ్లతో లాగించి ఊరి బయట పెట్టారు. దాన్ని మళ్ళీ నడపలేదు. ఏ బండీ నడపలేదు. ఫ్యాక్టరీలో డ్రైవరు పని కోసం ఎవరో నిజంగానే పిలిచినా పోలేదు, అదే ఫ్యాక్టరీ గోడకు రాళ్ళు మోసే పనికి వెళ్ళాడు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మంచాలు వేరయ్యాయి. ఇంకో బిడ్డ మాట నేను ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. మా అత్త మోకరించి ప్రార్థన చేసేది. ఆ ఇంట్లో ప్రార్థన తప్ప మరో గొంతు వినిపించేది కాదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో, నాకు జ్వరమని అబద్ధం చెప్పి ఆయన్ను దవాఖానాకు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నోటితోనే వింటే ఆయన గుండె భారం దిగుతుందని ఆశ. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. నేను అడిగితే కాదనలేదు, కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా అంతా చెప్పింది. బండి వచ్చినా రాకపోయినా బిడ్డ బతికేది కాదని, అందులో ఎవరి తప్పూ లేదని. మా ఆయన చేతులు కట్టుకుని, బడిలో పిల్లవాడిలా విన్నాడు.

“మీరు మంచోళ్ళమ్మా,” అన్నాడు లేస్తూ. “మా ఇంటిది జెప్పుమన్నట్టున్నది. మీకు దండం.”

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఇద్దరం బయటికి వచ్చి నాచారం బస్సు ఎక్కాం. కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. బస్సు తార్నాక దాటింది. ముందు సీట్లో ఒక తల్లి, ఒళ్ళోంచి జారి నిలబడుతున్న పిల్లను పట్టుకుని లాగుతోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

“బండి సక్కగుంటే పిల్ల గీ పాటికి నడుస్తుండె,” అన్నాడు.

చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. చెప్పింది వినడానికి ఆయనకు మనసు లేదు. బిడ్డ పోవడానికి తన తప్పంటూ ఒకటి ఉంటే, బిడ్డ బతికి ఉండే దారి కూడా ఒకటి ఉన్నట్టు. నేను చెప్పే నిజంలో ఆ దారి లేదు. దాన్ని ఆయన చేతిలో నుంచి లాక్కుంటే ఆ మనిషికి ఇంకేం మిగులుతుంది.

“అవు, నడుస్తుండె,” అన్నాను.

బిడ్డ పోయాక ఆయన మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇల్లు వచ్చేదాకా వదలలేదు.